పత్తిచేని మలుపు

"బ్రేకు మీద కాలే పెట్టలేదు సార్. బండి దానంతట అదే జారింది."

కృష్ణరాజ్ ఈ మాట చెప్పడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. డిటెక్టివ్ రాజామణికి అదే నచ్చలేదు. జరిగింది చెప్పేటప్పుడు మనుషులు తడబడతారు, సర్దుకుంటారు, ముందు చెప్పింది మరిచిపోతారు. వల్లెవేసిన పాఠమైతే ఎన్నిసార్లు అడిగినా ఒకేలా వస్తుంది. కానీ కట్టుకట్టిన కాలు పైకి వేలాడదీసుకుని పడుకున్న ఇరవై మూడేళ్ల కుర్రవాణ్ణి అంతకుమించి అనుమానించడానికి మనసొప్పలేదు. పక్క బల్ల మీదున్న టిఫిన్ క్యారియర్ వైపు చూశాడు.

"ఇడ్లీలా?"

"అవ్వ పంపింది సార్. మీరు తినండి, నాకు లోపలికి పోవడం లేదు."

రాజామణి మొహమాటపడే మనిషి కాదు. మదురైలో ఇత్తడి సామాన్ల కొట్టున్న నాయుళ్ల ఇంట పుట్టి, కొట్లో కూర్చోమంటే కూర్చోక, ఊరివాళ్ల గుట్లు బయటికి లాగడమే బతుకుతెరువు చేసుకున్నవాడికి మొహమాటం ఉంటే ఎలా? అతనికి కారు నడపడం రాదు. పెట్రోలు వాసనకు తల తిరుగుతుంది. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి కార్ల రేసు కేసు అప్పగించారని కోయంబత్తూరు సగం నవ్వుకుంటోంది. నవ్వుకోనీ అనుకుని రెండో ఇడ్లీ తీసుకున్నాడు.

మంచం కాళ్ల దగ్గర స్టూలు మీద దురైసామి నాయుడు కూర్చుని ఉన్నాడు. కుర్రవాడికి మేనమామ, ఈ కేసు అప్పగించింది ఆయనే. వాడి తల్లి పోయిన నాటినుంచి ఆయనా, ఆయన తల్లి తిరుమలమ్మాళూ వాణ్ణి పెంచారు. ఆయనకు సొంత బిడ్డలు లేరు. దెబ్బ తగలని కాలి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు.

"మామా, ఇంటికి పోయి పండుకో. కండ్లు చూడు ఎట్లా ఉండాయో."

"నాకేమైంది? నోరు మూసుకొని నువ్వు పండుకో."

ఆ కసురులో ఉన్న ప్రేమ చూసి రాజామణి చేతిలోని ఇడ్లీ ముక్క క్యారియర్‌లో పెట్టేశాడు. నీళ్లు తాగి మళ్లీ పనిలోకి దిగాడు.

"ఆ పత్తిచేని మలుపులో నువ్వెప్పుడూ బ్రేకు వేయవా, తంబి?"

"వేయను సార్. అందరూ వేస్తారు. నేను వేయను. అందుకే గెలుస్తాను."

"నేనే నేర్పించినాను," అన్నాడు దురైసామి. ఇంత దిగుల్లోనూ ఆయన మీసాల కింద చిన్న గర్వం మెదిలింది.

సంగతి ఇదీ. దురైసామికి ఉన్నది చిన్న నూలు మిల్లు. దాని లాభమంతా తీసుకెళ్లి అవినాశి రోడ్డు అవతల, యుద్ధకాలంలో విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వే మీద పోశాడు. దగ్గరుండి మలుపులకు కాంక్రీటు వేయించాడు, గట్లు కట్టించాడు. తొమ్మిదేళ్లుగా అక్కడ రేసులు జరుగుతున్నాయి. రేసు రోజున మిల్లులన్నీ ఖాళీ. ఈ ఏడు మొట్టమొదటిసారి పై దేశాల డ్రైవర్లు కూడా దిగే గ్రాండ్ ప్రీ మన దేశంలో జరగబోతోంది. అది కోయంబత్తూరుకే ఇస్తామని మద్రాసులోని రేసు సంఘం మాట ఇచ్చింది. ఒక్కటే షరతు. నేల పనికిరాదని తేలితే మాత్రం రేసు బెంగుళూరు అవతల కొత్తగా వేసిన ట్రాకుకు పోతుంది. ఆ ట్రాకు వెనక ఒక సిగరెట్టు కంపెనీ డబ్బుంది.

మొన్న అమావాస్య పొద్దున సంఘం పెద్దల ముందు పరీక్ష పరుగు. మొదట దిగింది కృష్ణరాజ్. పత్తిచేని మలుపులో అతని బండి జారి, గట్టు దూకి, చేలో తిరగబడింది. ఈ సాయంత్రానికల్లా సంఘం విచారణాధికారి రిపోర్టు మీద సంతకం పెట్టాలి.

"ఆయిలు పోసినారు తంబి, కండిప్పా, సందేహమే లేదు," అన్నాడు దురైసామి, వార్డు బయటికి సాగనంపుతూ. "ఆ కంపెనీవాడి పనే. నువ్వు తేల్చకపోతే నా మైదానం పోయినట్టే. మిల్లు పోయినా తట్టుకుంటాను. అది పోతే లేవలేను."

*

మలుపు దగ్గర అప్పటికే ఒక నల్లకారు ఆగి ఉంది. దాని పక్కన తెల్ల బూట్లతో, చేతికర్రతో పద్మనాభన్ నిలబడి ఉన్నాడు. మద్రాసు పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు రేసు సంఘానికి విచారణాధికారిగా ఉన్నాడు. ఆండిపట్టి పత్తి గోడౌను తగలబడిన కేసులో నిండు కోర్టులో ఈయన రాజామణిని మందమతి అన్నాడు. రాజామణి ఈయన్ని చేతికర్రకు ఎక్కువ, మనిషికి తక్కువ అన్నాడు. అప్పటినుంచి ప్రతి దీపావళికీ ఒకరికొకరు మిఠాయి పంపుకుంటారు.

"ఏం రాజామణీ, బస్సులోనే వచ్చావా?"

"అవును సార్. మీరు కారులో వచ్చి కనిపెట్టిందేమిటో చెప్తే తిరుగు బస్సు పట్టుకుంటాను."

"నేల పాడైంది. అంతే." పద్మనాభన్ కర్రతో చూపించాడు. కాంక్రీటు మీద రెండు నల్లటి టైరు చారలు గట్టుదాకా సాగి ఉన్నాయి. "బ్రేకు పడింది, చక్రాలు బిగుసుకున్నాయి, నేల పట్టు ఇవ్వలేదు, బండి జారింది. పాత రన్‌వే ఇది. విమానాలకు వేసిన నేల మీద కార్లు తిప్పితే ఇంతే."

"కంపెనీ మీకెంత ఇస్తోంది సార్?"

పద్మనాభన్ మొహం ఎర్రబడింది. "నోరు జాగ్రత్త. నేను ఎవరి కాఫీ కూడా తాగలేదు."

"క్షమించండి. అడక్కపోతే మీరే నన్ను తక్కువగా చూసేవారు."

పెద్దాయన కాసేపు బుసకొట్టి చల్లబడ్డాడు. "నిజం చెప్తా విను. పై దేశాల నుంచి డ్రైవర్లు రావాలంటే వాళ్ల ఓడ ఖర్చు, బండ్ల ఖర్చు, బహుమతి సొమ్ము, అన్నీ మైదానం పెట్టినవాడే భరించాలి. నాయుడు రూపాయి టిక్కెట్టు అమ్మి భరిస్తానంటాడు. ఆ రోజు వాన పడిందా, మునిగిపోతాడు. అక్కడ ఒక్క మనిషి రాకపోయినా చెక్కు ముందే వస్తుంది. నేను చూసిన మంచి మైదానాలు ఎన్నో ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. జనానికి ఏది ఇష్టమో ఎవరడుగుతారయ్యా?"

"మరి కోయంబత్తూరుకు మాట ఎందుకిచ్చారు?"

"మొహమాటానికి. తొమ్మిదేళ్లు మోసినవాణ్ణి కాదనలేక. ఆ మాట తప్పడానికి ఒక సాకు కావాలి, అంతే. కానీ సాకు నేను పుట్టించను. ఉన్నది రాస్తాను." కర్రను నేలకు ఆనించాడు. "కంపెనీ సొంత జట్టు కూడా కడుతోంది తెలుసా? ఏరుకున్న కుర్రవాణ్ణి ఏడాదిపాటు ఇంగ్లండు పంపి నేర్పిస్తుందట. వాడి పేరు ఇంకా బయటపెట్టలేదు. గ్రాండ్ ప్రీ వాళ్ల ట్రాకు మీద జరిగితేనే ఆ జట్టు ఉంటుంది, లేకపోతే లేదు. ఈ చుట్టుపక్కల కుర్రాళ్లందరికీ అదే కల."

రాజామణి పంచె ఎగగట్టి నేల మీద మోకాళ్లూ చేతులూ ఆనించాడు.

"ఇదేమిటి, దండం పెడుతున్నావా?"

"వాసన చూస్తున్నా సార్."

మలుపు మధ్యలో చాపంత మేర కాంక్రీటు రంగు మాసి ఉంది. ఏదో తడి ఆరి, దాని మీద దుమ్ము పట్టుకుంది. గోటితో గీకి మూతి దగ్గర పెట్టుకున్నాడు. ఆయిలు కాదు. ఆయిలైతే అతని తల ఈపాటికి గిర్రున తిరిగేది. కాంక్రీటు పలకల మధ్య తారు పోసిన సందులో వేలు పెట్టి లాగితే తెల్లగా, బల్లపరుపుగా నాలుగు గింజలు వచ్చాయి. వాటికి ఎర్రటి పొడి అంటుకుని ఉంది.

"ఎవడో పుచ్చకాయ తిని ఊశాడు," అన్నాడు పద్మనాభన్.

"అయి ఉండొచ్చు," అని రాజామణి గింజలు రుమాలులో కట్టాడు. "సార్, ఈ చారలు ఎక్కడ మొదలయ్యాయో చూశారా?"

చారలు ఆ మరక దగ్గర మొదలవలేదు. దానికి రెండు బారల ముందే, శుభ్రమైన పొడి నేల మీద మొదలయ్యాయి.

"చూశాను. అయితే?"

"కుర్రవాడు బ్రేకే వేయలేదంటున్నాడు."

"తలకిందులుగా పడినవాడికి ఏం గుర్తుంటుందయ్యా? ఆ పొద్దున ఇక్కడున్న ప్రతి మనిషినీ అడిగాను, కొత్తగా ఏమైనా జరిగిందా, తెలియనివాడు ఎవడైనా వచ్చాడా అని. ఏమీ లేదన్నారు, అందరూ ఒకే మాట." గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం మిల్లు షిఫ్టు సైరను కూయగానే నాయుడి ఇంటికి వస్తాను. నీ దగ్గర ఏదైనా ఉంటే అక్కడ చెప్పు. లేకపోతే ఉన్నది రాసి సంతకం పెడతాను."

కారు కదిలింది. రాజామణి రుమాలు విప్పి గింజల్ని మళ్లీ చూశాడు. మనసు మదురైలో తమ కొట్టు గుమ్మం ముందుకు పోయింది. తెలుగుదేశంలో అమావాస్య అంటే బయలుదేరడానికి భయపడతారట. తరతరాలుగా తమిళుల మధ్య బతికిన వీళ్లకు అది మంచిరోజు. ప్రతి అమావాస్యకూ నాన్న బూడిద గుమ్మడికాయకు చిల్లు పెట్టి, కుంకుమ నింపి, పైన కర్పూరం వెలిగించి, కొట్టుకు దిష్టి తీసి రోడ్డు మీద పగలగొట్టేవాడు. దాని మీద కాలేసి జారి పడినవాళ్లను చూసి చిన్నప్పుడు రాజామణీ పిల్లలతో కలిసి నవ్వినవాడే.

గేటు దగ్గర గుడిసెలో ఉండే కాపలావాడి భార్య రామాయి చీపురు పట్టుకుని ఇటే వస్తోంది. పద్మనాభన్ అడిగిన ప్రశ్న రాజామణి అడగలేదు.

"అమ్మా, అమావాస్య పొద్దున ఇక్కడ ఎప్పుడూ జరిగేదే ఏమేమి జరిగింది?"

"ఎప్పుడూ జరిగేదా సామీ? గేటు తీసినాము. దాని ముందర నీళ్లు చల్లినాను. పెద్దమ్మ, అయ్యగారి తల్లి, వచ్చి దిష్టి తిప్పి పూసణికాయ కొట్టించింది. చీపురుతో తోసేసినాను. అంతే."

"ఈ మాట ఆ మద్రాసు సారుకు చెప్పలేదా?"

"ఆయన కొత్తగా ఏమి జరిగిందని కదా అడిగినాడు?" రామాయి నిజంగానే ఆశ్చర్యపోయింది. "పూసణికాయ కొత్తా? రేసుకు రేసుకూ కొట్టేదే. ఎప్పుడూ గేటు కాడ కొడతారు, ఈ తడవ ఈడ కొట్టినారు. ఒకటి కాదు, మూడు కాయలు. తుండ్లన్నీ ఏరేసినాను సామీ, ఒక్కటి మిగల్లేదు."

గుమ్మడికాయ ముక్కలు ఏరేసింది. నీరు మాత్రం నున్నటి కాంక్రీటు మీద అలాగే ఉండిపోయింది. పొద్దుటి మంచుతడి అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. రాజామణికి అక్కడే గంతేయాలనిపించింది. నేల తప్పు కాదు! శత్రువూ లేడు, ఆయిలూ లేదు. ఇంత చెప్తే చాలు, మైదానం నిలబడుతుంది.

బస్సు కోసం నడుస్తుండగా ఒకే ఒక్క సంగతి చెప్పులో రాయిలా గుచ్చుకుంది. ఈ తడవ ఈడ కొట్టినారు. ఎందుకు?

*

దురైసామి స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు. గింజలు చూపించి, రామాయి చెప్పింది చెప్పేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

"అంటే నేల బాగానే ఉండాది! తంబి, నువ్వు దేవుడివి..." అని లేచి, సగంలో ఆగి, మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. "మా అమ్మ కొట్టించిందా?"

"అవునన్నా."

"బిడ్డ కాలు విరిగింది తన చేతి వల్లనని ఆమెకు తెలిస్తే..." లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "డెబ్బై ఆరేళ్లు తంబి ఆమెకు. వాడు కడుపు నిండా తింటేనే తాను తింటుంది."

"ఆమెను ఒక్క మాట అడగాలన్నా. నొప్పించను."

అడగడానికి లోపలికి వెళ్లనవసరం లేకపోయింది. తిరుమలమ్మాళే రెండు కాఫీలతో బయటికి వచ్చింది. చెవులకు పాత కమ్మలు, నుదుట వెడల్పాటి విభూతి, నడుము వంగినా గొంతు వంగని మనిషి.

"మదురై నాయనా, ఇడ్లీలు బాగుండాయా? బిడ్డ తినకుంటే నువ్వైనా తిన్నావు, సంతోషం."

"చాలా బాగున్నాయమ్మా. మొన్న పూసణికాయ మీరే కొట్టించారట కదా?"

"ఎందుకు కొట్టించను? మద్రాసువాండ్లు, బొంబాయివాండ్లు, ఊరి జనం, అందరి కండ్లూ నా బిడ్డ మీదనే. ఆ కాయ కొట్టించబట్టే ఈపొద్దు వాడు ప్రాణంతో ఉండాడు. బండి తిరగబడితే ఎవడు బతుకుతాడు చెప్పు? కాలు ఏముంది, అతుక్కుంటుంది." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తిన్నగా వచ్చి ఆ వినాయకునికి మొక్కినాను, కాయ నా బిడ్డను కాచిందని."

దురైసామి తల దించుకున్నాడు. రాజామణి కాఫీ ఒక గుక్క తాగి, చాలా మామూలుగా అడిగాడు.

"ఎప్పుడూ గేటు దగ్గర కొట్టిస్తారటగా. ఈసారి మలుపులో కొట్టించాలని మీకెందుకు తోచిందమ్మా?"

"నాకెందుకు తోస్తుంది? వాడే అడిగినాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, కృష్ణుడే! ముందురోజు నా పక్కన వచ్చి కూర్చుండి, 'అవ్వా, అందరూ నన్ను చూసేది పత్తిచేని మలుపులోనే, ఆడనే కొట్టించు, ఒకటి చాలదు, మూడు కొట్టించు' అన్నాడు. మామకు చెప్పొద్దన్నాడు, మామ కసురుతాడని." ఆమె మొహమంతా నవ్వు పరచుకుంది. "ఇంగ్లీషు చదివిన బిడ్డ, ఇదంతా మూఢనమ్మకం అంటాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాకు ఎంత సంతోషమైందో నీకు తెలీదు నాయనా. రాత్రంతా నిద్ర పట్టలేదు."

ఖాళీ గ్లాసుల కోసం మళ్లీ వస్తానని లోపలికి పోయింది.

రాజామణికి చెప్పాలని లేదు. కానీ నిజం చెప్తానని ఒప్పుకుని వచ్చిన మనిషి. గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, ఆ తడికి ముందే, పొడి నేల మీద బ్రేకు చారలు మొదలయ్యాయి."

ఆ మలుపు తిరగడం నేర్పినవాడికి అంతకుమించి విప్పి చెప్పనక్కరలేదు. ఎన్నడూ బ్రేకు వేయని చోట వాడు వేశాడు, కనపడని తడి రాకముందే వేశాడు. బండి కాస్త జారాలి, సంఘం పెద్దలు చూడాలి, మైదానం పనికిరాదని రాసుకోవాలి. ఎవరికీ దెబ్బ తగలకూడదు. అందుకే మొదటి పరుగు తానే తీసుకున్నాడు. మూడు కాయల నీరు ఎంత జారుతుందో మాత్రం వాడి లెక్కకు అందలేదు.

"ఆ కంపెనీ జట్టు," అన్నాడు దురైసామి. "ఇంగ్లండుకు పంపుతారని విన్నాను. ఎవరిని ఎంచినారో ఎవరికీ తెలీదన్నారు."

"అవునన్నా."

మిల్లు సైరను కూసింది. ఆ కూత ఆగకముందే నల్లకారు గుమ్మం ముందు ఆగింది. పద్మనాభన్ దిగి, రిపోర్టు అట్ట మోకాలి మీద పెట్టుకుని అరుగు చివర కూర్చున్నాడు.

"చెప్పు నాయుడూ. నీ మనిషికి ఏమైనా దొరికిందా? న్యాయంగా ఉంటే నా రిపోర్టు చింపేస్తాను. నాకేం పట్టింపు లేదు."

దురైసామి లోపలి గుమ్మం వైపు చూశాడు. తల్లి ఎవరితోనో చెప్తోంది, రాత్రికి బిడ్డకు రసం అన్నం పంపాలి, మిరియాలు ఎక్కువ వేయమని. ఒక్క గుమ్మడికాయ మాట చాలు, మైదానం ఆయనదే. ఆ తర్వాత ఈ పెద్దమనిషి ఎవరు కొట్టించారని అడుగుతాడు, ఎవరు చెప్తే కొట్టించారని అడుగుతాడు. అడగకుండా వదిలే రకం కాదు.

"నేల పాడైందని రాసుకోండి సార్," అన్నాడు దురైసామి.

పద్మనాభన్ కలం ఆగిపోయింది. "అంతేనా? తొమ్మిదేళ్ల మైదానం, ఇంత తేలిగ్గానా? రాజామణీ, నువ్వు చెప్పు. ఆ గింజలేమయ్యాయి?"

ఆండిపట్టి కోర్టు నాటినుంచి రాజామణి ఎదురుచూస్తున్న ఘడియ ఇది. ఈ మనిషి నోరు మూయించగల మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. దురైసామి అతని వైపు చూడనైనా లేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"పుచ్చకాయ గింజలే సార్," అన్నాడు రాజామణి. "నాకేమీ దొరకలేదు. మీరే గెలిచారు."

పద్మనాభన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు. సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ రాజామణి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి కారెక్కాడు.

అది వీధి మలుపు తిరిగిందాకా దురైసామి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన భుజాలు కుదిపేస్తూ ఏడుపు వచ్చింది. లోపలికి వినపడకుండా పైపంచె నోట్లో కుక్కుకున్నాడు. రాజామణి పక్కకు జరిగి ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

"మైదానం కోసం కాదు తంబి," అన్నాడు ఆయన, ఎంతోసేపటికి. "పోనీ, అది రాళ్లూ సిమెంటూ. ఇంగ్లండుకు పోతాను మామా అని వాడు నన్ను ఒక్క మాట అడిగుంటే, నేనే అది అమ్మి పంపేవాణ్ణి కదా?"